టీవీ చూసి అమ్మానాన్నలు బెంగళూరంటే ఎందుకంత హడలిపోతున్నారు?

మారతహళ్ళి పీజీలో ఉంటూ, ఇక్కడ ఏ నేరం జరిగినా ఇంటినుంచి ఫోన్లు మోగుతున్నాయని అడిగారు కదా. వాళ్ళు ఈ ఊరిని చూసేది ఎక్కువగా తెరమీదే కాబట్టి. టీవీ ఎక్కువ చూసేవాళ్ళకు లోకం ఉన్నదానికన్నా ప్రమాదకరంగా తోస్తుందని అమెరికా మీడియా పరిశోధకుడు జార్జ్ గెర్బ్నర్ 1970లలోనే వాదించాడు. ఒకే సీసీటీవీ ముక్కను రోజంతా తిప్పితిప్పి వేస్తే ఒక్క దొంగతనం పదిగా మనసులో పడుతుంది.

భయం సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ చిరాకుపెట్టేది మనుషుల్ని చూపించే తీరు. బాధితురాలు బలహీనురాలై, మంచిపని మీద వెళ్తూ, దాడి చేసినవాడు ముక్కూమొహం తెలియనివాడైతేనే సమాజం తడుముకోకుండా జాలిపడుతుందని నార్వే నేరశాస్త్రవేత్త నిల్స్ క్రిస్టీ 1986లో రాశాడు. అందుకే పబ్ నుంచి వస్తున్న అమ్మాయిమీద దాడి జరిగితే చర్చ "అంత రాత్రి అక్కడేం పని?" దగ్గర మొదలవుతుంది. ఇంట్లో మొగుడు కొడితే అసలు బ్రేకింగ్ న్యూసే కాదు.

నిందితుల విషయంలో మరీ తొందర. 2008 నోయిడా జంటహత్యల్లో (ఆరుషి కేసు) చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రుల్ని చానళ్ళు తీర్పుకు ముందే దోషుల్ని చేశాయి. 2013లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017లో అలహాబాద్ హైకోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. 2019లో హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో, అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చిచంపిన ఎన్‌కౌంటర్‌కు జనం పోలీసులమీద పూలు చల్లారు (మనవాళ్ళే!). ఆ కాల్పుల గురించి పోలీసులు చెప్పిన కథనం నమ్మశక్యంగా లేదని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ వార్తకు ఎన్‌కౌంటర్ వార్తకు దక్కినంత చోటు దక్కలేదు.

ఈసారి ఫోనొస్తే అది ఏ ఏరియాలో, ఎప్పుడు జరిగిందో అడగండి. తరచూ పాత వీడియోనే అయ్యుంటుంది.