మెసోథీలియోమా వచ్చిన నాన్నగారి పాత పనుల వివరాలు డాక్టరుకు ఎందుకు చెప్పాలి

పొగాకు ఎన్నడూ ముట్టని మీ నాన్నగారికి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని, ముక్క పరీక్షలో (బయాప్సీలో) మెసోథీలియోమా అనే క్యాన్సర్ అని తేలిందని గుంటూరు నుంచి రాశారు. ఈ జబ్బు ఎలా వచ్చిందని, ఇంట్లో వారికి అంటుకుంటుందా అని, ఇంటిపైన ఉన్న సిమెంటు రేకులు తీయించాలా అని అడిగారు. నేను వైద్య వృత్తిలో లేను. విజయవాడలో మా మేనమామకు ఇదే జబ్బు వచ్చినప్పుడు ఆయన వెంట ఆసుపత్రులకు వెళ్ళి, డాక్టర్లను అడిగి తెలుసుకున్న విషయాలు రాస్తున్నాను.

ఇది ఊపిరితిత్తి లోపల పుట్టే క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తిని, ఛాతీ గోడ లోపలి వైపును కప్పి ఉండే పలుచని పొరను ప్లూరా అంటారు. ఈ క్యాన్సర్ ఆ పొర కణాలలో మొదలవుతుంది. అందుకే చాలామందిలో మొదట కనిపించేవి నీరు చేరడం, ఆయాసం, ఒక పక్కన వదలని నొప్పి. పొట్టలో పేగులను, ఛాతీలో గుండెను కప్పి ఉండే పొరలకు కూడా ఇది రావచ్చు గాని, ఎక్కువ మందిలో ప్లూరాకే వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు కనుక మీ పిల్లలను తాతగారి దగ్గరకు నిశ్చింతగా వెళ్ళనివ్వండి.

పొగ తాగడం వల్ల మెసోథీలియోమా రాదు. దీనికి ప్రధాన కారణం ఆస్‌బెస్టాస్, అంటే రాతినార. దాన్ని కోసినా, విరగగొట్టినా కంటికి కనిపించనంత సన్నని పోగులు గాలిలోకి లేస్తాయి. పీల్చిన పోగులలో కొన్ని ప్లూరా దాకా చేరి, శరీరం వాటిని కరిగించలేక, ఏళ్ళ తరబడి అక్కడ వాపు కలిగిస్తాయి. ఆ దుమ్ము పీల్చిన రోజులకూ జబ్బు బయటపడే రోజుకూ మధ్య సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ళు గడుస్తాయి. దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు 1960లో 33 మంది రోగుల గురించి ప్రచురించిన పరిశీలనతో ఈ సంబంధం స్పష్టమైంది. వారిలో గని కార్మికులే కాక, చిన్నతనంలో ఆ గనుల పరిసరాల్లో పెరిగినవారు కూడా ఉన్నారు. కొందరిలో ఎంత వెతికినా ఆస్‌బెస్టాస్ ఆధారం దొరకదన్నది కూడా నిజమే.

మామయ్య విషయంలో ఆధారం దొరికింది గాని, ఆలస్యంగా దొరికింది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ మరమ్మతు పని చేశారు. ఆవిరి గొట్టాలకు చుట్టిన పాత ఆస్‌బెస్టాస్ తాడును సుత్తితో కొట్టి ఊడదీసి, కొత్త తాడును కత్తితో కోసి చుట్టేవారు. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేదని, ఆ ఖాకీ బట్టలను పెరట్లో దులిపి, ఆ తర్వాతే ఉతికేదాన్నని అత్తయ్య చెప్పింది. తర్వాత ఆయన ఆ పని మాని కిరాణా కొట్టు పెట్టుకున్నారు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో ఏం పని చేస్తారని అడిగితే కొట్టు అన్నారు, ఫైలులోనూ అదే రాసుకున్నారు. తీసిన నీటిలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా ఉన్నాయని టీబీ మందులు మొదలుపెట్టారు. మన దగ్గర ఛాతీలో నీరు చేరితే ముందు టీబీని అనుమానించడం సహజమే, కానీ మందులు వాడుతున్నా నీరు మళ్ళీ మళ్ళీ చేరుతున్నప్పుడు ముక్క పరీక్షకు పంపకపోవడం మాకు ఇప్పటికీ బాధగానే ఉంది. వేరే ఛాతీ డాక్టరుగారు మాత్రం, ఇరవయ్యో ఏట నుంచి చేసిన పనులన్నీ వరుసగా చెప్పమని కూర్చోబెట్టి అడిగారు. ఆ తర్వాతే థొరాకోస్కోపీ చేసి, అంటే ఛాతీలోకి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి, పొర ముక్క తీశారు. దులిపిన బట్టల సంగతి విని అత్తయ్యకు కూడా ఎక్స్‌రే తీయించమన్నారు. ఆమెకు ఏమీ లేదని తేలింది.

కాబట్టి మీ నాన్నగారిని నెమ్మదిగా అడిగి, ఏ ఊళ్ళో, ఏ పని, ఏ సంవత్సరాలలో చేశారో కాగితం మీద రాయండి. రేకుల తయారీ, విద్యుత్ కేంద్రం, రైల్వే షెడ్డు, ఆటోనగర్‌లో బ్రేకు లైనింగులు అరగదీయడం, ఇళ్ళ పనిలో రేకులు కోయడం వంటివి ప్రత్యేకంగా అడగండి. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా ఉద్యోగుల పరిహార చట్టం మూడవ షెడ్యూలులో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, ఉండేది; 2025లో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఆస్‌బెస్టాస్ పరిశ్రమలోని కార్మికుల ఆరోగ్య రికార్డులను చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా మానేసిన తర్వాత 15 ఏళ్ళు, ఏది తర్వాత వస్తే అప్పటి వరకు ఉంచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. పాత జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ కాగితం దొరికితే జాగ్రత్త చేయండి.

ముక్క పరీక్ష రిపోర్టులో కణాల రూపాన్ని బట్టి ఇది ఎపిథీలియాయిడ్ రకమా, సార్కోమటాయిడ్ రకమా, రెండూ కలిసినదా అన్నది చూసి డాక్టరుగారిని అడగండి. మొదటిది మిగతా వాటికన్నా కొంత నెమ్మదిగా ముదురుతుంది, చికిత్స ఎంపిక కూడా దాన్ని బట్టి మారుతుంది. పెమెట్రెక్సెడ్ అనే కీమోథెరపీ మందుతో సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్ కలిపి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే) మందుల జోడికి 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ వాటి ఖర్చు చాలా ఎక్కువ. జబ్బు పూర్తిగా నయం కావడం అరుదు. మామయ్య ఇప్పుడు లేరు. ఆయనకు అన్నిటికన్నా మేలు చేసింది ఛాతీలో అమర్చిన సన్నని గొట్టం. దాని ద్వారా ఇంట్లోనే నీరు తీయగలిగాక, దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోయే మనిషి మంచం మీద పడుకుని నిద్రపోగలిగారు. ఆయాసం తగ్గించే ఇలాంటి ఉపాయాల గురించి మొదటి రోజుల్లోనే అడగండి.

ఇక రేకుల విషయం. పగలకుండా ఉన్న సిమెంటు రేకులో ఆస్‌బెస్టాస్ సిమెంటుతో బిగిసి ఉంటుంది కనుక దాని కింద కాపురం ఉండడం, దాన్ని రోజూ కోసే పనీ ఒకటి కాదు. కంగారుపడి రేపే పీకించవద్దు. వాటికి రంధ్రాలు వేయవద్దు, పొడి బ్రష్షుతో రుద్దవద్దు. పాతబడి పెచ్చులు రాలుతుంటే మాత్రం మార్పించండి. అప్పుడు నీళ్ళతో బాగా తడిపి, విరగకుండా నిండు రేకుగా దించమని, ముక్కుకు బిగుతైన మాస్కు పెట్టుకోమని పనివాళ్ళకు చెప్పండి. ఆ పని జరిగే రోజు మీ నాన్నగారిని, పిల్లలను బంధువుల ఇంట్లో ఉంచండి.