ఆటిజం ఉన్న అబ్బాయికి సెయిలింగ్ నేర్పించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఆటిజం ఉంది. తక్కువ మాట్లాడతాడు. నీళ్లంటే ప్రాణం, ఈత వచ్చు. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్‌కు తీసుకెళ్తే లైఫ్ జాకెట్ విప్పి పడేశాడు. ‘చెప్పిన మాట వినడం లేదు’ అంటున్నారు కోచ్. మానిపించమంటారా?
- ఒక తండ్రి, సికింద్రాబాద్

సలహా: వద్దండీ, మానిపించకండి. అది మొండితనం కాదు. ఆటిజం ఉన్న చాలామందికి స్పర్శ, చప్పుడు, వెలుతురు మనకు తెలిసినట్టు తెలియవు. మెడ దగ్గర ఒరుసుకునే పట్టీ మీవాడికి భరించలేనంతగా ఉండి ఉంటుంది. జాకెట్‌ను కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోండి. పొడుగు చేతుల పల్చటి టీషర్టు మీద, టీవీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు వేయండి. రోజూ కాస్త పెంచుకుంటూ వెళ్లండి. అలవాటయ్యేదాకా పడవ ఎక్కించొద్దు, ఎంత ఈత వచ్చినా సరే.

ఇక కోచ్ సంగతి. ‘జాగ్రత్త’, ‘కాసేపాగు’ అంటే ఏం చేయాలో ఈ పిల్లలకు చాలాసార్లు అందదు. ‘తాడు పట్టుకో’, ‘పది లెక్కపెట్టు’ అంటే అందుతుంది. ఒకసారికి ఒక్క మాటే చెప్పి, కొన్ని సెకన్లు ఆగమనండి. విజిల్‌కు చెవులు మూసుకుంటుంటే చేతి సైగ చాలు. పడవ తెరచాపకు గాలి లేక క్లాసు రద్దయితే ఆ రోజు ఏం చేస్తారో బొమ్మలు గీసి ముందే చూపించండి. పేచీలు ఎక్కువగా వచ్చేది అలాంటి రోజుల్లోనే.

ముంబయికి చెందిన జియా రాయ్‌కి ఆటిజం ఉంది. 2022లో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా, 2024లో ఇంగ్లిష్ చానల్‌ను ఈదింది. అందరూ అలా ఈదాలని కాదు, ఆటిజం అనగానే నీళ్లకు దూరం పెట్టేవాళ్ల కోసం చెబుతున్నా.

ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ కాస్త ఎక్కువ, టీనేజీలో కొత్తగా మొదలవ్వొచ్చు కూడా. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, పిలిచినా పలకకుండా కాసేపు శూన్యంలోకి చూస్తున్నా ముందు న్యూరాలజిస్టుకు చూపించండి. మగత తెచ్చే మందులు వాడుతుంటే కోచ్‌కు చెప్పండి.

నా అసలు టెన్షన్ క్లాసు గురించి కాదు. ఈ పిల్లల్లో కొందరు చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు, నీళ్లు కనిపిస్తే దిగిపోతారు. మునిగిపోయే ప్రమాదం వీరికి మామూలు పిల్లలకంటే చాలా ఎక్కువ. వాచ్‌మన్‌కు, పక్కింటివాళ్లకు ఈ విషయం చెప్పి ఉంచండి. అబ్బాయి కనిపించకపోతే బంధువులకు ఫోన్లు చేస్తూ కూర్చోకండి. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్, సంపు, దగ్గర్లోని చెరువు, ముందు అక్కడికే పరిగెత్తండి.