అంజూరపు చెట్టును పూడ్చిపెడతారా?

ప్రశ్న: అమెరికాలోని న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి పక్కన, చిన్నతనంలో ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవి నుంచి వలస వచ్చిన ఒక పెద్దాయన ఉంటారు. గత నవంబరు చివర ఆయన తమ పెరట్లోని అంజూరపు చెట్టును తాళ్లతో బిగించి కట్టి, గోతిలోకి వంచి, పైన మట్టి కప్పేశారు. అడిగితే “మా నాన్న ఇలాగే చేసేవారు” అన్నారే గాని కారణం చెప్పలేదు. ఆ చెట్టు బతుకుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: సాధారణంగా నిక్షేపంగా బతుకుతుంది. అంజూరం మధ్యధరా తీరాలకు అలవాటుపడిన చెట్టు. ఆకు రాల్చి విశ్రాంతిలో ఉన్నప్పుడు ఓ మాదిరి చలిని ఓర్చుకుంటుంది గాని, సున్నాకు దిగువన 10, 12 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతే కొమ్మలు చచ్చిపోతాయి. వేరు మిగిలి వసంతంలో మళ్లీ చిగిర్చినా, ఆ కొత్త రెమ్మల కాయలు పండేలోపే చలి తిరిగి ముంచుకొస్తుంది. అందుకని ఒక వైపు వేళ్లను పారతో తెంచి, రెండో వైపు వేళ్లను కదల్చకుండా, వాటి ఆధారంతోనే చెట్టును గోతిలోకి ఒరగదీసి ఎండుటాకులు, చెక్కలు, మట్టి కప్పుతారు. మార్చి ఆఖరునో ఏప్రిల్‌లోనో తవ్వితీసి నిలబెడతారు. వంగనంతగా ముదిరిన చెట్టుకైతే టార్పాలిన్ చుట్టి, నీరు లోపలికి దిగకుండా నెత్తిన బకెట్ బోర్లిస్తారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పెరళ్లలో అవి టోపీ పెట్టిన దిష్టిబొమ్మల్లా కనిపించేవి.

సిసిలీ తీరంలో అంజూరానికి ఇంత సేవ అక్కరలేదు. రాతిగోడ సందుల్లోనూ అది దానంతట అదే మొలుస్తుంది. 1880 నుంచి 1924 వరకు అమెరికా చేరిన సుమారు 40 లక్షల ఇటాలియన్లలో అత్యధికులు దక్షిణాదివారే. తాత తెచ్చిన కొమ్మ ముక్కే ఈ చెట్టయిందని చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కొమ్మ ఇటలీదే కావచ్చు గాని, పూడ్చే పని మాత్రం వారికి కొత్త దేశపు చలి నేర్పింది. పెద్దాయన నాన్నగారు కూడా అక్కడికి వెళ్లాకే, ముందు తరం వలసదారుల పెరళ్లు చూసి నేర్చుకుని ఉంటారు. సిసిలీలోని తాతగారు ఆ గొయ్యి చూస్తే, కొడుకుకు మతి పోయిందనుకునేవారేమో.

ఆ తవ్వకం వయసు మళ్లిన ఒక్కరు చేయగలిగేది కాదు. వచ్చే నవంబరులో మీ అబ్బాయిని ఒక పార పట్టుకుని వెళ్లమనండి.