కేసుల గ్రాఫ్‌లో ముందు చూడాల్సింది తేదీ

అంటువ్యాధి ప్రబలినప్పుడు ఎవరికి, ఎప్పుడు జబ్బు వచ్చిందో కేసుల లెక్కలు తీసి గ్రాఫ్‌లు గీయడం నిజంగా పనికొస్తుందా, లేక అంతా అయిపోయాక రాసుకునే రిపోర్టులేనా అని ఒకరు నన్ను అడిగారు. పనికొస్తాయి, కానీ ఏ తేదీ పెట్టి లెక్కేశారన్నది ముఖ్యం. అంటువ్యాధుల లెక్కలు చూసే ఈ పనిలో చేరిన కొత్తలో వాంతులు, విరేచనాల కేసుల జాబితా ఇచ్చి గ్రాఫ్ గీయమంటే, ఆస్పత్రి నుంచి రిపోర్ట్ అందిన తేదీ ప్రకారం గీశాను. ఆదివారం పడిపోతుంది, సోమవారం ఒక్కసారిగా లేస్తుంది. మా సీనియర్ మేడమ్ చూసి, "జబ్బుకి ఆదివారం సెలవుంటుందా?" అన్నారు.

లక్షణాలు మొదలైన తేదీ అనే కాలమ్ సగం ఖాళీగా ఉంది. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మొదటి విరేచనం ఎప్పుడైంది, పొద్దునా రాత్రా అని అడిగి నింపి మళ్లీ గీస్తే, ఒకటే గుట్ట. చకచకా లేచి దిగిపోయింది. అంటే వాళ్లందరికీ దాదాపు ఒకే సమయంలో ఒకే చోటి నుంచి అంటుకుందన్నమాట. పరీక్షలో క్రిమి ఏదో తేలాక, అది లోపలికి వెళ్లిన ఎన్నాళ్లకు బయటపడుతుందో చూసుకుని వెనక్కి లెక్కేస్తే ఏ రోజు గురించి అడగాలో తెలిసిపోయింది. అనుమానం ఒక నీళ్ల ట్యాంకు మీదకి వెళ్లింది.

జబ్బుపడ్డవాళ్లంతా ఆ నీళ్లే తాగారంటే సరిపోదు, బాగున్నవాళ్లూ అవే తాగి ఉండొచ్చు కదా. ఉదాహరణకి తాగిన 100 మందిలో 40 మందికి, తాగని 100 మందిలో 4గురికి వస్తే, తాగినవాళ్లకి 10 రెట్లు ఎక్కువ. అప్పుడు ట్యాంకు మూయించమని గట్టిగా చెప్పొచ్చు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక పంపు నీళ్ల వల్ల వ్యాపించిన కలరా గురించి చెప్పేటప్పుడు, చావుల్ని గుర్తుపెట్టి జాన్ స్నో అనే డాక్టర్ గీసిన మ్యాప్ అందరూ చూపిస్తారు గానీ, నాకు మాత్రం ఆయన జబ్బుపడనివాళ్ల గురించి కూడా ఆరా తీయడమే గొప్పగా అనిపిస్తుంది. దగ్గర్లోనే ఉన్న వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచే శరణాలయంలో, 535 మంది ఉంటే కలరాతో పోయింది 5గురే, వాళ్లకి సొంత బావి ఉంది.

ఇంకొకటి, గ్రాఫ్‌లో చివరి నాలుగైదు రోజులు కిందికి దిగినట్టు కనిపిస్తే వెంటనే ఊపిరి పీల్చుకోకండి. ఆ రోజుల్లో జబ్బుపడ్డవాళ్లలో కొందరు ఇంకా ఆస్పత్రికే వచ్చి ఉండరు, వచ్చినవాళ్ల రిపోర్టూ అంది ఉండదు. అది నమ్మి ఒకసారి క్లోరిన్ కలపడం ఆపేద్దామన్నారు. వారం ఆగమని బతిమాలాను, ఆ వారంలో వెనకటి తేదీలతోనే బోలెడు కేసులు వచ్చి చేరాయి. అప్పటినుంచి ఆ చివరి రోజుల గీతల్ని లేత రంగులోనే వేస్తున్నాను.