‘పిగ్మెంట్ మార్పులు’ అని రాస్తే, ఏ పిగ్మెంటో అడగండి

మీ నాన్నగారి కంటి రిపోర్టులో ‘వయసు వల్ల రెటీనాలో (కంటి వెనక తెరలో) పిగ్మెంట్ మార్పులు’, అంటే రంగు పదార్థంలో మార్పులు, అని ఉందని, ల్యూటిన్ మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు. పోయినేడు ఇదే మాట చూసి నేనూ టెన్షన్ పడ్డాను. మా అమ్మకి 72. నెల్లూరు నుంచి చెన్నైలో మా ఇంటికి తీసుకొచ్చి చూపించాం.

నీలి కాంతితో ఒక ఫొటో తీశారు. చుట్టూ బూడిదరంగు, నడిమధ్యన నల్లటి మచ్చ. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. డాక్టరమ్మ నవ్వి, “అది ఉండాల్సిందేనండీ” అన్నారు. రెటీనా నడిమధ్య భాగమైన మక్యులాలో ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపు పిగ్మెంట్లుంటాయి. అవి నీలి కాంతిని మింగేస్తాయి కాబట్టి అక్కడ నల్లగా పడుతుంది. చుట్టూ ఉన్న మసక వెలుగు లిపోఫ్యూసిన్‌ది. రెటీనాలో వెలుగుని పట్టే రాడ్ కణాలు రోజూ తమ కొసలో దాదాపు పదోవంతు రాల్చేస్తాయట. వాటి వెనకున్న ఆర్‌పీఈ అనే కణాల పొర దాన్ని మింగి అరిగించుకుంటుంది. అరగనిది పెనానికి పట్టిన మాడులా ఏళ్లతరబడి పేరుకుంటుంది, అదే లిపోఫ్యూసిన్. ఆ పొరలోనే ఉండే మెలనిన్ మాత్రం వయసుతో తగ్గుతుంది. ఒకటి పెరుగుతుంది, ఒకటి తగ్గుతుంది, రిపోర్టులో మాత్రం రెంటికీ ఒకటే మాట!

అందుకని ఏ పిగ్మెంటో అడగండి. దాంతోపాటు డ్రూసెన్ (రెటీనా కింద పేరుకునే పసుపు మచ్చలు) ఉన్నాయా, పెద్దవా చిన్నవా అని కూడా అడగండి. పెద్ద డ్రూసెన్‌తో పాటు పిగ్మెంట్ కూడా చెదిరితే వయసుతో వచ్చే మక్యులా జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. అమ్మకి అవి లేవు.

ఇక మాత్రలు. ఒక కళ్లజోళ్ల షాపులో మాకు మూడు నెలల కోర్సు అంటగట్టారు, దండగ. 2013లో ఫలితాలొచ్చిన ఎరెడ్స్-2 అనే అమెరికా పరిశోధనలో రోజుకి ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు వాడారు, విటమిన్ సి, ఇ, జింకులతో కలిపి. ఈ రకం మాత్రలు మక్యులా జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకి, లేదా ఒక కంట్లో ముదిరినవాళ్లకే, అది ముదరడం నెమ్మదించడానికి. రాకుండా ఆపడానికి కాదు. నాన్నగారు సిగరెట్ తాగితే బీటా కెరోటిన్ ఉన్న పాత రకం అసలు కొనకండి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

ల్యూటిన్ మన ఒంట్లో తయారవదు, తిండిలోంచే రావాలి. అమ్మ మా వీధి కీరై (ఆకుకూరల) బండి దగ్గర తోటకూర, మునగాకు బేరమాడి తెస్తుంది. కాస్త నూనె పడితేనే ఒంటికి పడుతుందని తాలింపు దట్టంగా పెడుతుంది (ఆ వంక ఆవిడకి బాగా నచ్చింది).

రోజూ పొద్దున ఒక కన్ను మూసి, రెండో కంటితో వరండా గ్రిల్ వంక చూస్తుంది, తర్వాత కన్ను మారుస్తుంది. ఊచలు వంకరగా కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి రమ్మన్నారు. నాన్నగారికీ అది అలవాటు చేయండి.