డ్రాయింగులోనే తగ్గే తుక్కు

ప్రశ్న: రాయగడలో మాకు స్టీలు బీరువాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఉంది. డిప్లొమా చదివిన మా అన్నయ్యగారి అబ్బాయి, కంప్యూటర్‌లో డిజైన్ చేసుకుంటే పర్యావరణానికి జరిగే హాని కూడా తగ్గుతుందని అంటున్నాడు. కటింగు, వెల్డింగు పాత పద్ధతిలోనే సాగుతున్నప్పుడు ఇది సాధ్యమేనా?
— ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)

జవాబు: సాధ్యమేనండీ. బీరువాకు ఎంత ఉక్కు పడుతుంది, ఎంత తుక్కుగా పోతుంది, పాడైతే బాగుచేసుకునే వీలుంటుందా అన్నవి చాలావరకు డ్రాయింగు దగ్గరే తేలిపోతాయి.

మీకు అన్నిటికన్నా ముందు పనికొచ్చేది షీటు మీద ముక్కల అమరిక. నాలుగడుగుల షీటు వెడల్పు సుమారు 1220 మి.మీ. బీరువా అర (షెల్ఫ్) పలక మడతలతో కలిపి 420 మి.మీ. ఉందనుకుంటే, ఆ వెడల్పులో రెండు పట్టీలే వచ్చి 380 మి.మీ., అంటే దాదాపు మూడో వంతు మిగిలిపోతుంది. పలకను 400 మి.మీ.కు కుదిస్తే మూడు పట్టీలు వస్తాయి, మిగిలేది 20 మి.మీ. మాత్రమే. అర లోతు రెండు సెంటీమీటర్లు తగ్గినా వాడేవారికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు షీట్‌మెటల్ అనుబంధాన్ని చేర్చుకుంటే, మడతలు విప్పి పరిచిన కొలతలు తెరమీదే కనిపిస్తాయి కాబట్టి ఇటువంటి మార్పులను షీటు కోయకముందే చూసుకోవచ్చు. తుక్కు ఎలాగూ కరిగి మళ్లీ ఉక్కవుతుంది కదా అనవచ్చు. కానీ కరిగించడానికీ, మోయడానికీ మళ్లీ ఇంధనం కావాలి. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది.

మందం విషయంలో మాత్రం తొందరపడకండి. 20 గేజి (సుమారు 0.9 మి.మీ.) నుంచి 22 గేజికి (సుమారు 0.7 మి.మీ.) దిగితే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న షీటుకు నాలుగున్నర కిలోలకు పైగా కలిసివస్తుంది గాని, వంగకుండా నిలిచే గుణం మందం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక అది సగానికన్నా తక్కువకు పడిపోతుంది. అర కింద మడిచిన పట్టీ ఒకటి చేర్చి, బరువు పెడితే ఎంత కుంగుతుందో సాఫ్ట్‌వేర్‌లో పరీక్షించాకే గేజి మార్చడం మంచిది. రెండేళ్లకే అరలు కుంగిపోయే తేలికపాటి బీరువా పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు. తాళం, కీళ్లు, అరలు వెల్డింగుతో కాక బోల్టులతో బిగించేలా గీయించండి. పాడైన భాగమొక్కటే మార్చుకోవచ్చు.

ఖరీదైన కొన్ని సాఫ్ట్‌వేర్‌లు కార్బన్ అంచనా కూడా చూపిస్తాయి. అవి రెండు డిజైన్లను పోల్చుకోవడానికి ఉపయోగపడతాయే తప్ప మీ వర్క్‌షాపుకు సరిపడే కచ్చితమైన లెక్కలు కావు. ప్రస్తుతానికి మీకు వాటి అవసరం లేదు. బాగా అమ్ముడుపోయే ఒక్క మోడల్‌ను మీ అన్నయ్యగారి అబ్బాయి చేత గీయించి, దానికి వాడిన షీటు బరువును, తయారైన బీరువా బరువును పాత మోడల్‌తో పక్కపక్కన రాసుకోండి. ఆ బరువుల తేడాను బట్టి తుక్కు ఎంత తగ్గిందో తెలుస్తుంది.