సముద్రపు బాక్టీరియా, మూగబోయిన జన్యువులు

ప్రశ్న: జన్యువు ప్రోటీన్‌ను తయారుచేయిస్తుందని చదువుకున్నాము. యాంటీబయాటిక్‌లలో చాలావరకు అటువంటి ప్రోటీన్లు కావు కదా! మరి సముద్రపు బాక్టీరియాలు వాటిని జన్యువుల ద్వారా ఎలా తయారుచేస్తాయి?
— ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ సందేహం సరైనదే. జన్యువు యాంటీబయాటిక్‌ను నేరుగా తయారుచేయదు. దానిని కూర్చే ఎంజైమ్‌లను తయారుచేయిస్తుంది; ఆ ఎంజైమ్‌లు ప్రోటీన్లే. ఒక మందుకు కావలసిన ఎంజైమ్‌ల జన్యువులు బాక్టీరియా క్రోమోజోమ్‌పై సాధారణంగా పక్కపక్కనే గుంపుగా ఉంటాయి. తాను తయారుచేసిన విషం తననే చంపకుండా కాపాడే జన్యువు కూడా చాలాసార్లు ఆ గుంపులోనే ఉంటుంది.

టారోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి చూడండి. సముద్రపు అడుగు మట్టిలో దొరికిన శాకరోమోనోస్పోరా అనే బాక్టీరియాలో దీని జన్యువుల గుంపు ఉన్నది. వాటి నుంచి పుట్టే పెద్ద ఎంజైమ్‌లు, కణంలో ప్రోటీన్లను కూర్చే రైబోజోమ్‌తో పని లేకుండానే, అమైనో ఆమ్లాలను వరుసగా జోడిస్తాయి. స్లాబు వేసే రోజున కాంక్రీటు తట్ట చేతులు మారినట్లే, పెరుగుతున్న గొలుసు ఎంజైమ్‌లోని ఒక భాగం నుంచి మరొక భాగానికి అందుతుంది. కాకపోతే ఇక్కడ అందుకున్న ప్రతి భాగమూ తన వంతు అమైనో ఆమ్లాన్ని చేర్చిన తరువాతే ముందుకు పంపుతుంది. ఏ భాగం దేనిని ఎంచుకోవాలో జన్యువులోనే రాసి ఉంటుంది. ఉప్పునీటిలో క్లోరైడ్‌కు కొదవ లేదు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి క్లోరిన్‌ను అతికించే ఎంజైమ్ జన్యువు కూడా ఈ గుంపులో ఉన్నది.

నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే విషయం వేరే ఉన్నది. ప్రయోగశాలలో పెంచినప్పుడు ఈ జన్యువులు మూగగా ఉండిపోయాయి. జన్యుపటంలో మందు తయారీ విధానం కనిపిస్తున్నా, సీసాలో మందు కనిపించలేదు. అప్పుడు కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన బ్రాడ్లీ మూర్ బృందం, సుమారు 67,000 బేస్ జతల (డీఎన్ఏ పొడవును కొలిచే మెట్ల) పొడవున్న ఆ గుంపు మొత్తాన్ని ఈస్ట్ కణాల సాయంతో ఒకే ముక్కగా పట్టి, శాస్త్రజ్ఞులకు బాగా తెలిసిన స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే బాక్టీరియాలో ప్రవేశపెట్టింది. అంతటితో సరిపోలేదు. ఉత్పత్తిని అణచి ఉంచుతున్న ఒక నియంత్రణ జన్యువును తొలగించవలసి వచ్చింది. ఆ తరువాతనే టారోమైసిన్ ఎ బయటపడింది. 2014లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. నేలలోని ఒక బాక్టీరియా నుంచి లభించి, 2003లో అమెరికాలో వాడకానికి అనుమతి పొందిన డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు ఇది దగ్గరి బంధువు. దానిలో లేని రెండు క్లోరిన్ పరమాణువులు దీనిలో ఉన్నాయి.